అబోరిజినల్ అమ్మాయిల గ్రూపు నడపమంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, చదివే మిగతావాళ్ళకి కూడా ఉపయోగపడుతుంది. భర్త ఉద్యోగం వల్ల ఈమధ్యే ఆస్ట్రేలియాలోని డబ్బో వచ్చారు. అక్కడ ఒక హైస్కూల్లో స్టూడెంట్ లెర్నింగ్ సపోర్ట్ ఆఫీసరుగా చేరారు. ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే అబోరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసి) అమ్మాయిలకు వారానికోసారి ఒక గ్రూపు నడపమని ప్రిన్సిపాల్ అడిగారు. వాళ్ళ మనసు బాగుండడానికి ఏం చేయాలి, యోగా, ధ్యానం, మెహందీ లాంటివి పెట్టొచ్చా, వాళ్ళ సంస్కృతి గురించి మీరే చదివి వాళ్ళకు చెప్పొచ్చా అని అడిగారు.

నేను ఇదే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పడమటి ఊళ్ళ స్కూళ్ళల్లో చాలా ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. జవాబు ముందే చెప్పేస్తాను. సంస్కృతి మీరు నేర్పకండి. నేర్పాల్సిన ఆంటీలు (ఆ సమాజంలో అందరూ గౌరవించే పెద్దావిడల్ని అలా పిలుస్తారు), అమ్మమ్మలు, నానమ్మలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళు ఆ పిల్లల పక్కన వచ్చి కూర్చోవడానికి ఏమేం అడ్డుపడుతున్నాయో చూసి తొలగించడం మీ పని. గది, వ్యాను, టైమ్‌టేబుల్లో చోటు, వాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు, అనుమతి పత్రాలు, టీ, తినడానికేదైనా. ఇవన్నీ చేసి, ప్రతి వారం మానకుండా అక్కడ ఉండండి. వినడానికి చిన్న పనిలా ఉంది కానీ, ఇది సరిగ్గా చేసేవాళ్ళు చాలా తక్కువ.

ఎందుకిలా అంటున్నానో చెప్పాలంటే, అక్కడ 'బాగుండడం' అంటే ఏమిటో ముందు తెలియాలి. మనం మామూలుగా మానసిక ఆరోగ్యం అంటే ఒక మనిషి తలలో జరిగే విషయం అనుకుంటాం. టెన్షన్, నిద్ర, ఆలోచనలు, వీటికి కౌన్సెలింగ్. 1989లో వచ్చిన నేషనల్ అబోరిజినల్ హెల్త్ స్ట్రాటజీ ఆరోగ్యాన్ని వేరేగా నిర్వచించింది. ఒక్క మనిషి ఒంటి బాగోగులు చాలవు, మొత్తం సమాజం సామాజికంగా, భావోద్వేగపరంగా, సాంస్కృతికంగా బాగుండడమే ఆరోగ్యం అంది. తర్వాత 2014లో మనస్తత్వవేత్త గ్రాహం గీ, ప్రొఫెసర్ పాట్ డజన్ (కింబర్లీ ప్రాంతపు బార్డీ మహిళ, ఆస్ట్రేలియాలో మనస్తత్వ శాస్త్రం చదివిన తొలితరం అబోరిజినల్ వాళ్ళలో ఒకరు) మరికొందరు సహచరులు కలిసి దీన్ని ఏడు బంధాలుగా వివరించారు. శరీరం, మనసు, కుటుంబమూ చుట్టరికమూ, సమాజం, సంస్కృతి, కంట్రీ అని వాళ్ళు పిలుచుకునే తమ నేల, పూర్వీకులూ ఆధ్యాత్మికతా. మనిషి ఈ ఏడింటి మధ్యలో ఉంటుంది. వీటిలో ఏది తెగినా నొప్పి మనిషికే తెలుస్తుంది, కానీ మందు వేయాల్సింది తెగినచోట.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదో తరగతి అమ్మాయి రెండు వారాలు స్కూలుకి రాలేదు. వచ్చాక కూడా ముభావంగా ఉంది, హోంవర్కు లేదు, టీచరు అడిగితే సమాధానం చెప్పలేదు. స్కూలు కంప్యూటర్లో అది 'కారణం లేని గైర్హాజరు'. అసలు జరిగింది ఏమిటంటే, ఊరికి దూరంగా ఉన్న వాళ్ళ అమ్మ పినతల్లి పోయింది. ఆ సంతాపం రోజుల్ని సారీ బిజినెస్ అంటారు. వందల కిలోమీటర్ల అవతల నుంచి చుట్టాలంతా వస్తారు, అంత్యక్రియలకు రోజులు పట్టొచ్చు, ఆ అమ్మాయికి అక్కడ పనులున్నాయి, చిన్నపిల్లల్ని చూసుకోవాలి, పెద్దవాళ్ళ పక్కన కూర్చోవాలి. మన ఇళ్ళల్లో పెద్దమ్మ, పిన్ని కూడా అమ్మ వరసే కదా, మేనమామ, మేనత్త వరసలు వేరు కదా. చాలా అబోరిజినల్ చుట్టరికాల్లోనూ తల్లి అక్కచెల్లెళ్ళు తల్లి వరసే. అందుకని 'దూరపు బంధువు' అని స్కూలు రాసుకున్న మనిషి ఆ పిల్లకి అమ్మమ్మ. ఈ ఒక్క విషయం తెలుగువాళ్ళకి తక్కినవాళ్ళకంటే తొందరగా అర్థమవుతుందని నా అనుభవం. అలాంటి అమ్మాయికి ధ్యానం క్లాసు పెట్టేకన్నా, హాజరు రాసే ఆఫీసుకి వెళ్ళి ఆ గైర్హాజరుకి సరైన కారణం రాయించడం, పోయిన పాఠాలకి గడువు ఇప్పించడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక చరిత్ర. ఇది తెలియకుండా ఆ గదిలోకి అడుగు పెట్టకండి. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 చట్ట సవరణతో అబోరిజినల్ పిల్లల్ని కోర్టు అనుమతి కూడా లేకుండా తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయే అధికారం ప్రభుత్వ బోర్డుకి వచ్చింది. కూటమండ్రా ఊళ్ళో ఆడపిల్లల కోసం ఒక 'శిక్షణ గృహం' ఉండేది. 1910ల మొదట్లో మొదలై 1960ల చివరిదాకా నడిచింది. అది కూడా మీరున్న నేల మీదే, అంటే విరాజురీ అనే అబోరిజినల్ ప్రజల నేల. అక్కడికి తెచ్చిన పిల్లలకు ఇంటిపని నేర్పి, పద్నాలుగేళ్ళ ప్రాయంలో తెల్లవాళ్ళ ఇళ్ళకు పనిమనుషులుగా పంపేవారు. వాళ్ళ జీతంలో చాలా భాగం బోర్డు తన దగ్గరే ఉంచుకునేది, చాలామందికి అది ఎప్పటికీ అందలేదు. వాళ్ళ భాష మాట్లాడనివ్వలేదు, ఇంటికి రాసిన ఉత్తరాలు చేరనివ్వలేదు. దేశమంతటా ఇలా జరిగిందని 1997లో 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక బయటపెట్టింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఇదంతా ఎప్పటి సంగతో అనుకోవద్దు. మీ గ్రూపులోని అమ్మాయిల నానమ్మలు, ముత్తవ్వల కథ ఇది. పైగా ఇప్పటికీ దేశంలో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లల్లో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ (ఉత్తరాన ఉన్న దీవుల మూలవాసి) పిల్లలే. మొత్తం పిల్లల్లో చూస్తే వాళ్ళ వాటా ఆరు శాతం దగ్గర. కాబట్టి మీరు నోట్‌బుక్ తీసి, మంచి మనసుతోనే 'ఇంట్లో ఎవరెవరుంటారు, అమ్మ ఎక్కడుంటుంది, రాత్రి అన్నం తిన్నావా' అని అడిగితే, ఆ పిల్ల చెవికి అది వెల్ఫేర్ వాళ్ళ (పిల్లల్ని ఇంటి నుంచి తీసుకుపోయే ప్రభుత్వ అధికారుల) ప్రశ్నలా వినిపిస్తుంది. నోరు మూసుకుంటుంది. అది మొండితనం కాదు, ఇంట్లోవాళ్ళు జాగ్రత్త నేర్పించారు.

అందుకే మొదటి రోజే నిజం చెప్పండి. స్కూల్లో పనిచేసేవాళ్ళందరికీ, పిల్లలకి తీవ్రమైన హాని జరుగుతోందన్న అనుమానం వస్తే తెలియజేయాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఉంది. మీకూ ఉంది. 'ఇక్కడ ఏం చెప్పుకున్నా రహస్యం' అని మాట ఇవ్వకండి. 'మీలో ఎవరికైనా ప్రమాదం ఉందనిపిస్తే నేను చెప్పాల్సి ఉంటుంది, కానీ మీకు చెప్పకుండా వెనకాల మాత్రం చేయను' అనండి. ముందే చెప్పినవాళ్ళని వాళ్ళు నమ్ముతారు. ఆ చివరి మాట ఎలా నిలబెట్టుకోవాలో ముందుగానే స్కూలు కౌన్సెలరుతో మాట్లాడి పెట్టుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు కదా. మీ స్కూల్లో అబోరిజినల్ ఎడ్యుకేషన్ ఆఫీసర్ ఉంటే మొదటి కప్పు టీ ఆమెతో తాగండి. సాధారణంగా ఆమె ఆ ఊరి మనిషే. ఏ కుటుంబానికి ఏ కుటుంబంతో చుట్టరికం, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఏ ఆంటీని అడిగితే బాగుంటుంది, అన్నీ ఆమెకి తెలుసు. అలాగని అన్ని పనులూ ఆమె మీదే పడేయకండి. స్కూలు మొత్తంలో అబోరిజినల్ అన్న మాట వినపడ్డ ప్రతి పనీ ఆమె నెత్తినే వేస్తుంటారు. తర్వాత ఆమె ద్వారానే స్థానిక ఏఈసీజీ సమావేశానికి వెళ్ళండి. అబోరిజినల్ ఎడ్యుకేషన్ కన్సల్టేటివ్ గ్రూప్ అంటే పిల్లల చదువు గురించి స్కూళ్ళతో మాట్లాడే అబోరిజినల్ సమాజపు సంఘం. అక్కడ మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి, మీ పుట్టినూరు ఏది, మీవాళ్ళెవరు అనేది కూడా చెప్పండి. డిగ్రీలు చెప్పనక్కర్లేదు. గ్రూపు ఎలా ఉంటే బాగుంటుందో అడగండి, తర్వాత ఊరుకోండి. నిశ్శబ్దం వస్తే దాన్ని మాటలతో నింపేయకండి. ల్యాండ్ కౌన్సిల్ (అబోరిజినల్ భూముల వ్యవహారాలు చూసే సంఘం), అబోరిజినల్ మెడికల్ సర్వీస్ కూడా మీకు తెలిసి ఉండాలి. ఆ మెడికల్ సర్వీసులు సమాజం చేతుల్లోనే నడుస్తాయి, మొట్టమొదటిది సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో 1971లో మొదలైంది.

అమ్మాయిల్ని కూడా అడగండి. పెద్దవాళ్ళందరూ కలిసి నిర్ణయించేసి, తర్వాత పిల్లల్ని పిలవడం నేను చాలాసార్లు చూశాను. జూన్ ఆస్కర్ గారు (ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌కి చెందిన బునుబా మహిళ) సోషల్ జస్టిస్ కమిషనర్‌గా ఉన్నప్పుడు దేశమంతా తిరిగి రెండువేల మందికి పైగా అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ మహిళలతో, అమ్మాయిలతో మాట్లాడారు. ఆ 'వీయీ యానీ ఊ తంగానీ' నివేదిక 2020లో పార్లమెంటు ముందుకొచ్చింది. దానికి ముందు ఇలా జాతీయస్థాయిలో వాళ్ళ మాట విన్నది 1986లో. మధ్యలో ముప్పై ఏళ్ళు దాటిపోయాయి! మా బలాలు చూడండి, మా లోపాల జాబితా ఒక్కటే రాయకండి అని ఆ మహిళలు గట్టిగా అడిగారు. దాన్ని గ్రూపు మొదలుపెట్టకముందే చదవండి, కనీసం అమ్మాయిలు మాట్లాడిన భాగాలైనా.

గదిలో ఈ పని ఎలా జరుగుతుందో ఒక సందర్భం చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అల్లిక నేర్పడానికి ఒక ఆంటీ వచ్చారు. రాఫియా నార తీసుకుని, ఒక పాయ మధ్యలో పెట్టి దాని చుట్టూ ఇంకో పోగు చుడుతూ, మొద్దు సూదితో కుట్టుకుంటూ పోతే చుట్టగా పెరిగి బుట్ట అవుతుంది. మొదటి చుట్టే కష్టం. వేళ్ళకి దొరకదు, జారిపోతుంది, పిల్లలు విసుక్కుంటారు. ఆంటీ ప్రతి ఒక్కరికీ మొదటి చుట్ట తనే వేసి, చేతికిచ్చి, 'ఇక్కణ్ణుంచి నీది' అన్నారు. ఒక మూల ఒక అమ్మాయి టోపీ కళ్ళమీదికి లాక్కుని కూర్చుంది. వేరే ఊళ్ళో, అబోరిజినల్ కాని కుటుంబం దగ్గర సంరక్షణలో పెరుగుతోంది. అంతకుముందు నెలలో నాతో మాట్లాడింది ఏమీ లేదు. ఆంటీ తలెత్తకుండా, కుడుతూనే, 'మీ నానమ్మ ఎవరే?' అన్నారు. అమ్మాయి ఒక ఇంటిపేరు చెప్పింది, దాదాపు వినపడనంతగా. ఆంటీ ఇంకో నాలుగు కుట్లు వేసి, 'ఆమె అమ్మా, మా అమ్మా ఒకే నది ఒడ్డున పెరిగారు. అంటే నువ్వు నాకు మనవరాలివి' అన్నారు. అంతే. తర్వాత మళ్ళీ సూది గురించే మాట్లాడారు.

మరుసటి వారం ఆ అమ్మాయి అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసింది. ఆంటీ వస్తున్నారా అని రెండుసార్లు అడిగింది. ఆ చుట్టరికం సంగతి కేస్‌వర్కర్‌కి పద్ధతి ప్రకారం తెలియజేశాం, కొన్ని నెలలకి తండ్రి వైపు కుటుంబంతో ఆ పిల్లకి రాకపోకలు మొదలయ్యాయి. నేను ఎన్ని ఆత్మవిశ్వాసం పాఠాలు చెప్పినా ఆ ఒక్క వాక్యం చెప్పలేను, ఎందుకంటే అది చెప్పే హక్కూ, చెప్పడానికి కావలసిన జ్ఞాపకమూ ఆంటీ దగ్గరే ఉన్నాయి. ఇంకొకటి గమనించండి. అందరి కళ్ళూ చేతుల మీద ఉన్నాయి, ఎవరూ ఎవరినీ సూటిగా చూడడం లేదు, సమాధానం చెప్పమని ఎవరూ నిలదీయడం లేదు. మన స్కూళ్ళల్లో 'కళ్ళలోకి చూసి మాట్లాడు' అంటాం. అక్కడ చాలామంది పిల్లలకి పెద్దవాళ్ళ కళ్ళలోకి చూడకపోవడమే గౌరవం. పదిమందిలో వేలెత్తి ఒకరిని చూపడం, అది పొగడ్తయినా సరే, వాళ్ళకి షేమ్, తలకొట్టేసినంత పని. పొగడాలంటే పక్కకి పిలిచి మెల్లగా చెప్పండి, లేదా వాళ్ళ నానమ్మకి ఫోన్ చేసి చెప్పండి.

ఆంటీల డబ్బు గురించి గట్టిగా చెప్పాలి. సిడ్నీ నుంచి వచ్చే ట్రైనరుకి రోజుకింత అని ఫీజు, విమానం, హోటలు ఇస్తారు. జీవితమంతా ఆ జ్ఞానాన్ని కాపాడుకొచ్చిన ఆంటీకి మాత్రం ఒక థాంక్యూ కార్డు, పూలగుత్తి. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. బడ్జెట్‌లో మొదటి లైను ఆమె ఫీజు కావాలి, అది సకాలంలో ఆమె ఖాతాలో పడాలి. ఇన్వాయిస్, సప్లయర్ ఫారాలు మీరే దగ్గర కూర్చుని నింపిపెట్టండి. వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేయడానికి కావలసిన అనుమతి) లాంటి కాగితాల పని కూడా. వచ్చేందుకు కారు, ఆమె వెంట మనవడు వస్తానంటే వాడికీ ఒక ప్లేటు. ఒంట్లో బాగాలేకో, సారీ బిజినెస్ వల్లో ఆ రోజు రాలేకపోతే 'కమిట్‌మెంట్ లేదు' అని ఎవరైనా అంటే మీరు ఊరుకోకండి.

ఇప్పుడు యోగా, మెహందీ. తప్పేం లేదు, కానీ మొదట్లో వద్దు. అమ్మాయిలే ఎప్పుడో ఒకరోజు 'మిస్, మీ ఊళ్ళో ఏం చేస్తారు' అని అడుగుతారు. అప్పుడు మెహందీ పెట్టండి, పులిహోర చేసి తీసుకెళ్ళండి, మీ అమ్మతో వీడియో కాల్లో తెలుగులో మాట్లాడించండి. వాళ్ళకి చాలా నచ్చుతుంది. అయితే ఆ గంట వాళ్ళది, మన సంస్కృతి ప్రదర్శనతో నింపేయకూడదు.

చుక్కల బొమ్మలు మాత్రం అస్సలు పెట్టకండి. ప్రతి కొత్త టీచరూ మొదట చేసేది అదే. కాన్వాస్ మీద చుక్కలతో వేసే ఆ పద్ధతి 1971లో నార్తర్న్ టెరిటరీలోని పపున్యాలో, పశ్చిమ ఎడారి కళాకారుల దగ్గర మొదలైంది. విరాజురీ వాళ్ళ సంప్రదాయంలో చెట్ల మీద చెక్కిన గీతల నమూనాలున్నాయి. మోలాంగ్ అనే ఊరి దగ్గర యూరానీ అనే విరాజురీ మనిషి సమాధి చుట్టూ అలా చెక్కిన చెట్లు ఇప్పటికీ చూడొచ్చు. పక్క రాష్ట్రం పండగని తెచ్చి 'ఇది మీదే' అంటే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది. డిజెరిడూ కూడా అంతే, అది ఉత్తరాది వాద్యం, చాలాచోట్ల దాన్ని ఆడవాళ్ళు వాయించరు. ఆడవాళ్ళ విషయాలు, మగవాళ్ళ విషయాలు అని విడివిడిగా ఉంటాయి. ఆంటీలు కొన్ని మాట్లాడేటప్పుడు మిమ్మల్ని కాసేపు బయట ఉండమంటే వెళ్ళి టీ పెట్టండి. బాధపడకండి.

మీకు విరాజురీ భాష గురించి ఆసక్తి ఉంటే అది మంచి తలుపు. దాదాపు వినపడకుండా పోయిన ఆ భాషని పెద్దలు మళ్ళీ నిలబెట్టారు. స్టాన్ గ్రాంట్ సీనియర్, జాన్ రడర్ కలిసి నిఘంటువు తెచ్చారు, చార్లెస్ స్టర్ట్ యూనివర్సిటీలో కోర్సు ఉంది, పార్క్స్ లాంటి ఊళ్ళ స్కూళ్ళల్లో పిల్లలు నేర్చుకుంటున్నారు. తీరం వైపు కాఫ్స్ హార్బర్‌లో గుంబైంగీర్ సమాజం 2022లో సొంతంగా ద్విభాషా బడే పెట్టుకుంది. మీ ఊళ్ళో భాష నేర్పేవాళ్ళుంటే అమ్మాయిలతో పాటు మీరూ బల్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి. మీకు నోరు తిరక్కపోతే వాళ్ళు నవ్వుతూ దిద్దుతారు. క్లాసులో ఎప్పుడూ వెనకబడ్డానని అనుకునే పిల్లకి ఒక పెద్దావిడని దిద్దే అవకాశం రావడం చిన్న విషయం కాదు.

దేశంలో గట్టిగా పనిచేసిన ఏ ప్రయత్నం చూసినా పెద్దలు మొదలుపెట్టిందే అయి ఉంటుంది. 1990లలో ఎడారిలోని యుఎండుములో పిల్లలు పెట్రోలు పీల్చే అలవాటుకి బలవుతుంటే, వార్ల్‌పిరి పెద్దలు వాళ్ళని 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న మౌంట్ థియో అనే తమ నేలకి తీసుకుపోయి, తమ దగ్గరే ఉంచుకుని చూసుకున్నారు. కొన్నేళ్ళలో ఆ ఊళ్ళో ఆ అలవాటు దాదాపు ఆగిపోయింది. అదే ప్రాంతంలో వార్ల్‌పిరి మహిళలు తమ నృత్య శిబిరాలకి మనవరాళ్ళని తీసుకెళ్ళి, ఒంటికి రంగు పూసి, పాటతో పాటు ఆ పాట ఏ చోటుదో నేర్పుతారు. కింబర్లీలో యిరిమాన్ ప్రాజెక్టు కింద పెద్దలు యువతని రోజుల తరబడి నడిపిస్తూ తమ నేల మీదికి తీసుకెళ్తారు. మధ్య ఎడారి మహిళలు 1980లోనే ఎన్‌పీవై (అక్కడి మూడు ప్రజల పేర్ల తొలి అక్షరాలు) విమెన్స్ కౌన్సిల్ పెట్టుకున్నారు. భూమి హక్కుల చర్చల్లో ఆడవాళ్ళ మాట వినేవాళ్ళు లేరని మొదలైన సంఘం అది, ఇప్పుడు సంప్రదాయ వైద్యుల సేవల నుంచి బుట్టల అల్లిక వ్యాపారం దాకా నడుపుతోంది. వీటన్నిటిలో పిల్లలు పెద్దల మధ్య ఉన్నారు, సొంత నేల మీద ఉన్నారు, పని ఏళ్ళ తరబడి ఆగకుండా సాగింది.

కెనడాలో 1998లో చాండ్లర్, లలోండ్ అనే పరిశోధకులు బ్రిటిష్ కొలంబియాలోని ఆదివాసీ సమాజాల మీద చేసిన అధ్యయనం ఈ రంగంలో అందరూ ప్రస్తావిస్తారు. సొంత పాలన, భూమి హక్కుల పోరాటం, తమ చేతుల్లోని బడి, వైద్యం, సాంస్కృతిక కేంద్రం లాంటివి ఉన్న సమాజాల్లో యువత ఆత్మహత్యలు చాలా తక్కువ, అన్నీ ఉన్నచోట, వాళ్ళు లెక్క చూసిన ఐదారేళ్ళలో ఒక్కటి కూడా లేదు. పాటలూ ఆటలతో పాటు నిర్ణయాలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది కూడా మనసు మీద పనిచేస్తుందని నేను దాన్నుంచి అర్థం చేసుకున్నాను. మీ చిన్న గ్రూపులో కూడా డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో అమ్మాయిలూ ఆంటీలూ తేల్చాలి.

అందరు అమ్మాయిలకీ సంస్కృతి హాయినిచ్చేది కాదు, ఇది మర్చిపోవద్దు. కొందరికి తమ వాళ్ళెవరో తెలియదు. కొందరు తెల్లగా ఉంటారు, 'నువ్వు అబోరిజినల్‌లా లేవే' అన్న మాట బయటివాళ్ళ దగ్గరా పడతారు, కొన్నిసార్లు సొంతవాళ్ళ దగ్గరా పడతారు. అలాంటి పిల్లని 'నీది ఏ తెగ, మీ భాషలో ఒక మాట చెప్పు' అని అడిగితే పరీక్ష పెట్టినట్టే. ఎవరినీ రుజువు అడగకండి. కుటుంబ చరిత్ర వెతుక్కోవాలని ఆమే అనుకుంటే లింక్-అప్ అనే సంస్థ ఉంది, విడదీసిన కుటుంబాల్ని కలపడానికి 1980 నుంచి పనిచేస్తోంది. అది కుటుంబంతో, కౌన్సెలరుతో కలిసి మెల్లగా చేయాల్సిన పని.

జాత్యహంకారం గురించి కూడా సిద్ధంగా ఉండండి. షాపులో సెక్యూరిటీ వెనకాలే నడవడం, బస్సులో మాటలు, పార్లమెంటుకి సలహా ఇచ్చే అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ సంఘాన్ని (వాయిస్) రాజ్యాంగంలో చేర్చాలా అన్న 2023 అక్టోబరు 14 రిఫరెండంలో అరవై శాతం దేశం 'వద్దు' అన్నప్పుడు ఈ పిల్లలు విన్న మాటలు. గ్రూపులో ఎంత బలం వచ్చినా, గేటు దాటగానే అది తగిలితే ఏం లాభం? స్కూల్లో అలాంటిది జరిగితే 'పట్టించుకోకు' అనకండి. రాసి పెట్టండి, డిప్యూటీ ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి, ఏం చర్య తీసుకున్నారో కుటుంబానికి ఫోన్ చేసి చెప్పండి. ఆ ఫోన్ కాల్ చాలామందికి జీవితంలో మొదటిసారి వచ్చేది.

ఇది చెప్పక తప్పదు: మన తెలుగు గెట్-టుగెదర్లలో 'వాళ్ళకి గవర్నమెంటు అన్నీ ఫ్రీగా ఇస్తుంది, అయినా బాగుపడరు' అనే మాట మీ చెవిన పడుతుంది. దేశానికొచ్చిన ఆరు నెలలకే ఈ అభిప్రాయం ఎక్కడి నుంచి వస్తుందో! అక్కడ మీరు మౌనంగా ఉంటే, సోమవారం ఆ పిల్లల ముందు నిలబడడం కష్టమవుతుంది. కూటమండ్రా గురించి చెప్పండి, ఇవ్వని జీతాల గురించి చెప్పండి. చాలామంది తెలియక అంటారు, తెలిస్తే ఆగుతారు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. అయిదు నుంచి పదిహేడేళ్ళ లోపు అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ పిల్లల మరణాలకు కారణాల్లో ఆత్మహత్య మొదటి వరుసలో ఉంది. ఒక అమ్మాయి చనిపోవాలని ఉందన్నా, చేతుల మీద కోతలు కనిపించినా, అల్లిక క్లాసు చాలదు. ఆమెని ఒంటరిగా వదలకండి. వెంటనే, అదే గంటలో, స్కూలు కౌన్సెలరుకీ, బాధ్యులకీ చెప్పండి. ప్రాణాపాయం అయితే 000. అబోరిజినల్ వాళ్ళే ఫోన్ ఎత్తే 13యార్న్ నంబరు 13 92 76, రోజంతా పనిచేస్తుంది. పిల్లల కోసం కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800. ఈ రెండూ గది గోడ మీద ముందే అతికించి ఉంచండి. డాక్టరు, ఆంటీ ఇద్దరూ కావాలి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు పక్కన ఎవరుండాలో ఆ అమ్మాయిని అడగండి. సాయం చేసినవాళ్ళు ఆ రాత్రి ఎలా ఉన్నారో, ఆంటీలతో సహా, కనుక్కోండి. అదే కుటుంబంలో అంతకుముందు ఎవరినో అలా పోగొట్టుకుని ఉండొచ్చు.

ఫొటోల విషయం ఒక్క మాట. స్కూలు ఫేస్‌బుక్ కోసం అమ్మాయిల్ని అబోరిజినల్ జెండా రంగులైన ఎరుపు, నలుపు, పసుపు టీషర్టుల్లో నిలబెట్టమంటారు, ముఖ్యంగా జులైలో నైడాక్ వారం (వాళ్ళ సంస్కృతి ఉత్సవాల వారం) రాగానే. కుటుంబం, అమ్మాయి ఒప్పుకుంటేనే. సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటోలకి వేరే నిబంధనలున్నాయి. చనిపోయినవాళ్ళ ఫొటోలు, పేర్ల విషయంలో ఆ కుటుంబం చెప్పినట్టు నడుచుకోండి.

టర్మ్ చివర ప్రిన్సిపాల్ రిపోర్టు అడుగుతారు. ముందూ వెనకా ప్రశ్నాపత్రాలు నింపించి 'ఆత్మవిశ్వాసం ఇంత శాతం పెరిగింది' అని చూపించమంటారు. కుదిరితే వేరేవి లెక్కపెట్టండి. ఎంతమంది ఆంటీలు మళ్ళీ మళ్ళీ వచ్చారు, ఎంతమంది అమ్మాయిలు తమ చెల్లెళ్ళని వెంట తెచ్చారు, ఏ కుటుంబాలు మొదటిసారి స్కూలు గేటు లోపలికొచ్చాయి, సారీ బిజినెస్ తర్వాత తిరిగొచ్చిన పిల్లలు ఎందరు. ఇవి రిపోర్టులో రాయొచ్చు, అబద్ధం కానక్కర్లేదు. అదే కాగితంలో వచ్చే ఏడాదికీ గ్రూపు ఉంటుందని రాతపూర్వకంగా అడగండి. ఈ పిల్లలు ఒక టర్మ్ వచ్చి మాయమైన మంచి మనుషుల్ని చాలామందిని చూశారు. మొదటి నెలలోనే ఎవరో ఒకరు మిమ్మల్ని 'మిస్, మీరెప్పుడు వెళ్ళిపోతారు?' అని అడుగుతారు. మీ వీసా, మీ భర్త ఉద్యోగం సంగతి చూసుకుని, ఎంతవరకు ఉండగలరో అంతే చెప్పండి. ఒకవేళ వెళ్ళాల్సి వస్తే గ్రూపు తాళం చెవి, ఫోన్ నంబర్లు, బడ్జెట్ వివరాలు ఆ ఊరి మనిషి చేతిలో ఉండేలా మొదటి టర్మ్ నుంచే చూసుకోండి.